ఇంట్లో ఉన్నవాడేగా

కెనడాలో జూలై 1 దేశపు పుట్టినరోజు. మా ఎడ్మంటన్‌లో ఆ రోజు ఎటు చూసినా ఎర్రచొక్కాలే, రాత్రికి బాణాసంచా. మా ఇంట్లో మాత్రం ఉదయం 10 గంటలకి వేరే ముహూర్తం ఉంటుంది. టొరంటో గడియారంలో మధ్యాహ్నం 12 కాగానే, కాంట్రాక్టు తీరిపోయిన ఐస్ హాకీ ఆటగాళ్ళు తమకి నచ్చిన టీముతో సంతకం పెట్టుకోవచ్చు. సెలవు రోజున పది దాకా దుప్పటి తీయని మావాడు, ఆ రోజు తొమ్మిదికే పళ్ళు తోముకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. దోసె పక్కన పెడితే చల్లారిపోతుంది.

హాకీ అంటే నాకు ధ్యాన్‌చందూ, పచ్చగడ్డీ. మంచు మీద ఆడతారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఇంత చలిలో చేతికొచ్చిన పిల్లల్ని తెల్లవారుజామున మంచుగడ్డ మీదకి తోలే తల్లుల్ని చూసి మొదట్లో జాలిపడ్డాను. తర్వాత నేనూ వాళ్ళలో ఒకదాన్నయ్యాను, థర్మాస్ ఫ్లాస్కుతో సహా. మావాడు గోలీ. అంటే నెట్ ముందు నిలబడి, మీదకి దూసుకొచ్చే పక్‌ని ఒంటితో ఆపేవాడు. ఇంతకంటే మంచి స్థానం దొరకలేదా నాయనా అని చాలాసార్లు అడిగాను.

ఈ రాతంతా 2024 వేసవి గురించి. ఆ జూన్ 24న మా ఎడ్మంటన్ ఆయిలర్స్ ఫ్లోరిడాలో స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో ఆట ఓడిపోయారు. మూడు ఆటలు వరసగా ఓడి, మూడు వరసగా గెలిచి, చివరిది 2-1తో పోగొట్టుకున్నారు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ఆ రాత్రి దీపం కూడా పెట్టారు. ఒక్క గోలు. మావాడు ఏడవలేదు గానీ, రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కాగితాలు తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. వచ్చే ఏడాది టీమంతా వాడే కట్టేస్తున్నాడు.

"అంత డబ్బున్న ఓనరు కదరా, ఇంకో ఇద్దరు మంచివాళ్ళని కొనుక్కోవచ్చుగా?" అన్నాను.

"డబ్బు కాదమ్మా ప్రాబ్లెం. చోటు లేదు."

శాలరీ క్యాప్ అంటే అదీ. 2004-05లో యజమానులకీ ఆటగాళ్ళకీ పేచీ వచ్చి ఒక సీజను మొత్తం ఆటే జరగలేదట. ఆ తర్వాత పెట్టారు ఈ పద్ధతి. లీగులో ఉన్న 32 టీముల్లో ఏదైనా సరే, ఎంత కోటీశ్వరుడిదైనా సరే, ఆటగాళ్ళ జీతాల మొత్తం ఒక గీత దాటకూడదు. మొదటి ఏడాది ఆ గీత 39 మిలియన్ డాలర్లు. 2024-25కి 88 మిలియన్లు.

నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు మన బతుకంతా ఇదే. ఆవకాయ కొనడానికి డబ్బు లేక కాదు కదా మానేసేది? పెట్టె 23 కిలోలు దాటకూడదు. అప్పడాలు పెడితే పట్టుచీర తీయాలి, సున్నిపిండి పెడితే కందిపొడి తీయాలి. తమాషా ఏమిటంటే, ఒక టీము ఉంచుకోగలిగిన ఆటగాళ్ళు కూడా 23 మందే. వేసవిలో గీత మీద 10 శాతం దాకా ఎక్కువ ఉన్నా ఊరుకుంటారు, సీజను మొదలయ్యేలోగా సర్దుకుంటే చాలు. అచ్చం మనం ఇంట్లో పెట్టె 25 కిలోలు తూగుతున్నా "ఎయిర్‌పోర్టులో చూసుకుందాంలే" అనుకున్నట్టు.

మావాడి కాగితం మీద ముందు పెద్ద వస్తువులు ఉన్నాయి. మెక్‌డేవిడ్ 12.5 మిలియన్లు. నర్స్ 9.25. డ్రైజైటల్ 8.5. ఎక్‌హోమ్ 6. హైమన్ 5.5. న్యూజెంట్-హాప్కిన్స్, కేన్ చెరో 5.125. ఏడుగురికి సరిగ్గా 52 మిలియన్లు. మిగిలిన 36తో ఇంకో పదహారు మంది. అందులోనూ గోలీ స్టూవర్ట్ స్కిన్నర్ 2.6, బూషార్డ్ 3.9 ముందే కట్టుబడి ఉన్నాయి.

దీనిమీద ఒక దండగ ఖర్చు. జాక్ కాంప్‌బెల్ అనే గోలీకి 2022లో అయిదేళ్ళకి 25 మిలియన్లు ఒప్పుకున్నారు. కుదరలేదు. రెండేళ్ళకే, 2024 జూన్ చివర్లో, కాంట్రాక్టు రద్దు చేసి కొంత ముట్టజెప్పి పంపేశారు. పంపించేసినా లెక్కలోంచి పోడు. మిగిలిన మూడేళ్ళకి రెట్టింపు, అంటే ఆరేళ్ళపాటు, 2029-30 దాకా అతని పేరున ఏటా కొంత చోటు పోతూనే ఉంటుంది. ఫ్రిజ్ పాడై అవతల పారేశాక కూడా వాయిదాలు కట్టడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి.

ఇక జూలై 1 వచ్చింది. కప్పు దాకా తీసుకెళ్ళిన పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ మళ్ళీ పిలుచుకున్నారు. హెన్రీక్ 3 మిలియన్లకి, యాన్‌మార్క్ 1.45కి, పెర్రీ, బ్రౌన్ ఇంకా తక్కువకి. బయటినుంచి ఆర్విడ్సన్‌కి 4, జెఫ్ స్కిన్నర్‌కి 3. (అవును, ఇద్దరు స్కిన్నర్లు. మా అత్తగారు గోలీని "మన స్కిన్నరు" అనేవారు, ఎడ్మంటన్‌లోనే పుట్టాడని.) ఊరంతా సంబరం. ఇంత చవగ్గా ఇంతమంది! మావాడు గంతులేశాడు. నాకూ నచ్చింది. ఒక్క గోలు దూరంలో ఆగిపోయినవాళ్ళు, తక్కువకే వస్తామంటుంటే వద్దని ఎవరంటారు?

ఆ జూలైలో మా ఇంట్లో కూడా ఇలాంటి సర్దుడే నడుస్తోంది. అమ్మాయికి టొరంటోలో యూనివర్సిటీ సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, విమానం, కొత్త లాప్‌టాప్, చలికోటు. చదువుకని దాచిన ఆర్‌ఈఎస్‌పీ ఉంది గానీ, అది ఫీజుకే సరి. మావారూ నేనూ రాత్రిళ్ళు నోట్‌బుక్ ముందేసుకుని కూర్చునేవాళ్ళం. తొలి బిడ్డ, తొలిసారి గడప దాటుతోంది. ఏదీ తక్కువ చేయబుద్ధి కాలేదు. నా నోట్‌బుక్‌లో ఆ నెల పేజీలన్నీ దాని పేరే.

అంతకుముందు ఏప్రిల్‌లోనే మావాడు ఒక మాట అన్నాడు. కాళ్ళ ప్యాడ్లు పొట్టివైపోయాయి, మోకాలి పైన పక్ తగులుతోంది అని. గోలీల సామాను మామూలు ఆటగాళ్ళ సామానులా కాదు. ప్యాడ్లు, ఛాతీకవచం, మాస్కు, రెండు చేతులకీ రెండు రకాల గ్లవ్స్, అన్నీ కొత్తవి కొంటే అమ్మాయి ఒక సెమిస్టరు హాస్టలు ఖర్చు వస్తుంది. "అక్క ఫీజు కట్టేశాక చూద్దాంరా" అన్నాను. మేలో ఇంకోసారి అడిగాడు. "చూద్దామన్నానుగా" అన్నాను. జూన్‌లో అడగలేదు. అడగలేదని నేను గమనించలేదు.

ఆగస్టు 13న, అందరూ హాకీని మర్చిపోయి ఎండలో కాళ్ళు చాపుకుని ఉన్న సమయంలో, సెయింట్ లూయిస్ బ్లూస్ టీము ఒక పని చేసింది. ఆయిలర్స్‌లో బ్రోబర్గ్, హాలోవే అని ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకణ్ణి 2019లో, ఇంకొకణ్ణి 2020లో మొదటి రౌండులోనే ఎంచుకుని, వీళ్ళే పెంచుకొచ్చారు. ఇద్దరి తొలి కాంట్రాక్టులూ అయిపోయాయి. కానీ కుర్రాళ్ళకి పెద్దవాళ్ళకున్నంత స్వేచ్ఛ ఉండదు. వాళ్ళమీద హక్కు పెంచిన టీముదే. ఇంకో టీము ఇంత జీతమిస్తామని కబురు పెట్టొచ్చు, కుర్రాడు సంతకమూ పెట్టొచ్చు. అప్పుడు పాత టీముకి ఏడు రోజుల గడువు. అదే జీతం తామిస్తే కుర్రాడు ఉండిపోతాడు. కాదంటే వెళ్ళిపోతాడు, పరిహారంగా కొత్త టీము తన డ్రాఫ్టు వంతు ఇచ్చుకోవాలి.

మావాడు ఇది వివరిస్తుంటే మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, "మేనరికం లాంటిదన్నమాట" అన్నారు.

"మేనరికం అంటే ఏంటి నానమ్మా?"

"పిల్ల మాదేనని మేనత్త ఎప్పుడో అనుకుంటుంది. అనుకోవడమే. నోరు తెరిచి అడగదు, ముహూర్తం పెట్టించదు. బయటినుంచి మంచి సంబంధం వచ్చేసరికి లబోదిబోమంటుంది."

వాడికి మేనత్త కొడుకుని చేసుకోవడం అనే సంగతి అరగడానికి కాసేపు పట్టింది. మొహం అదోలా పెట్టాడు. తర్వాత మాత్రం, "కరెక్టే. ఎగ్జాక్ట్‌గా అదే" అన్నాడు.

బ్లూస్ వాళ్ళ తెలివి చూడండి. పరిహారం ఎంతన్నది జీతాన్ని బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది, కరెంటు బిల్లు స్లాబుల్లాగా. వాళ్ళు బ్రోబర్గ్‌కి ఏటా 4.58 మిలియన్లు అన్నారు, హాలోవేకి 2.29. రెండూ ఒక్కో స్లాబు చిట్టచివరి గీత మీద. ఇంకొంచెం పెంచితే పరిహారం పై మెట్టుకి పోతుంది. ఒకరికి రెండో రౌండు వంతు, ఇంకొకరికి మూడో రౌండు వంతుతో సరిపెట్టారు. అప్పటిదాకా ఆ కుర్రాళ్ళిద్దరి జీతాలూ మిలియన్ లోపే. ఇద్దర్నీ నిలుపుకోవాలంటే 6.87 మిలియన్ల చోటు కావాలి. పెట్టె ఎప్పుడో నిండిపోయింది.

ఆ ఏడు రోజులూ మా ఇంట్లో ఇంకో మాట లేదు. ఎవర్ని తీసేస్తే చోటొస్తుందని వాడు రోజుకో లెక్క వేసేవాడు. 18న సీసీ అనే 3.25 మిలియన్ల ఆటగాణ్ణి శాన్ హోసేకి పంపేసి, అంతకంటే చాలా తక్కువ జీతమున్న ఎంబర్సన్‌ని తెచ్చుకున్నారు. "చోటు చేస్తున్నారమ్మా! ఒకణ్ణయినా ఉంచుకుంటారు!" అని మెట్ల మీదనుంచి అరిచాడు. 20న తేలిపోయింది. ఇద్దర్నీ వదిలేశారు.

ఊళ్ళో అందరూ కొత్త మేనేజరు స్టాన్ బోమన్ని తిట్టారు. నాకది న్యాయం అనిపించలేదు. ఆయన చేరింది జూలై 24న. అప్పటికే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేశారు. తప్పు ఆగస్టులో జరగలేదు, జూలై 1న, అందరం చప్పట్లు కొట్టిన రోజున జరిగింది. ఆ రోజు చేసిన ఏ ఒక్క సంతకాన్నీ తప్పు అనలేం, అదీ దాని సంగతి. ఒక్కోటి విడిగా చూస్తే మంచి బేరమే. కుర్రాళ్ళని మాత్రం చివరికి అట్టేపెట్టారు, వాళ్ళెక్కడికి పోతారులే అని. పెరటి చెట్టు.

ఆ సాయంత్రం నేను టీ పెడుతుంటే మావాడు వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, పెద్దగా బాధేం లేనట్టు అన్నాడు. "అందర్నీ ముందు చూసుకున్నారమ్మా. వీళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళేగా, తర్వాత చూద్దామనుకున్నారు."

నా "చూద్దాం" నాకే వినిపించింది. వాడు నన్ను అనలేదు, నిజంగా హాకీ గురించే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నీ ప్యాడ్ల సంగతి..." అని మొదలుపెట్టాను.

"వద్దులే అమ్మా. ఈ ఇయర్ ఆడట్లేదని కోచ్‌కి చెప్పేశాను. జూన్‌లోనే."

జూన్‌లో. అంటే ఫైనల్స్ జరుగుతున్నప్పుడు. వాడు ఆయిలర్స్ చొక్కా వేసుకుని, ముఖానికి రంగు పూసుకుని మా మధ్య కూర్చుని అరుస్తున్న రోజుల్లో. కోపంగా చెప్పి ఉంటే నేనూ కోప్పడి గెలిచేదాన్ని. అక్కకి అంత ఖర్చవుతోంది కదా అని, తన పేరు తనే కొట్టేసుకున్నాడు. పధ్నాలుగేళ్ళవాడు.

మావారికి ఆ రాత్రే చెప్పాను. ఆయన మర్నాడు కోచ్‌కి ఫోన్ చేశారు. గోలీలు ఎప్పుడూ తక్కువే, ఇప్పుడొచ్చినా తీసుకుంటామన్నారట. వాడు ఒప్పుకోలేదు. "ఈసారి వద్దు" అన్నాడు, అంతే. బతిమాలాను. కొంటామన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో, బ్లూస్ కబురు వచ్చాక లేచిన మేనత్త గొంతే ఉందని నాకు తెలుసు. ఆ చలికాలం తెల్లవారుజాములు నాకు ఖాళీ అయిపోయాయి. ఆదివారం ఆరున్నరకి మెలకువ వచ్చేసి, ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఈ రింకులకి వెళ్ళడం తప్పితే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో!

హాలోవే సెయింట్ లూయిస్‌లో ఆ సీజను 26 గోల్స్ వేశాడు. మొత్తం 63 పాయింట్లు. మావాడు ప్రతి గోలుకీ వచ్చి చెప్పేవాడు, చాలా మామూలుగా. ప్రతిసారీ నేను కూరలో ఏదో కలుపుతున్నట్టు నటించేదాన్ని. బ్రోబర్గ్ కూడా బాగానే కుదురుకున్నాడు. ఇక్కడ జెఫ్ స్కిన్నర్ ఒక్క ఏడాదే ఉన్నాడు. ఆర్విడ్సన్‌ని మరుసటి వేసవిలో బోస్టన్ పంపేశారు. 2025 జూన్‌లో ఆయిలర్స్ మళ్ళీ ఫైనల్‌కి వెళ్ళి, మళ్ళీ ఫ్లోరిడా చేతిలోనే ఓడిపోయారు. ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఉంటే గెలిచేవారా? అది చెప్పడం ఎవరి తరం? నేను మాత్రం రోజూ గెలిపించుకుంటాను.

2025లో మా లెక్కల నోట్‌బుక్ మార్చి నెలలోనే తెరిచాను. మొదటి పేజీలో వాడి పేరు రాశాను. "అక్క సమ్మర్ టికెట్ కొన్నారా?" అని అడిగాడు. కొంటాంలే, ముందు నువ్వు పద అని కారెక్కించాను. సెకండ్‌హాండ్ సామాను దుకాణంలో గంటన్నర. ఎవరో ఒకట్రెండు సీజన్లు వాడిన ప్యాడ్లు, అక్కడక్కడా పక్ మరకలున్నాయి. వాడు వాటిని కట్టుకుని, దుకాణం మధ్యలో మోకాళ్ళ మీద దబ్బున పడి, లేచి, మళ్ళీ పడ్డాడు. అమ్మేవాడు అలవాటైనట్టు చూస్తూ ఉన్నాడు. నాకు మోకాళ్ళు నొప్పెట్టాయి. "సరిపోయాయా?" అంటే, "కొంచెం పెద్దవి. గ్రోత్ రూమ్" అన్నాడు. అది వాళ్ళ నాన్న మాట. బూట్లు కొన్నప్పుడల్లా అంటారు.

ఆయిలర్స్ కూడా ఆ ఏడాది ముందు ఇంటి కుర్రాణ్ణి చూసుకున్నారు. బూషార్డ్‌ది కూడా ఆ మేనరికపు వరసే, హక్కు వీళ్ళదే. ఈసారి జూలై 1 దాకా ఆగకుండా, ముందు రోజే నాలుగేళ్ళకి ఏటా 10.5 మిలియన్లు ఖాయం చేశారు. డ్రైజైటల్ కొత్త జీతం 14 మిలియన్లు కూడా ఆ సీజను నుంచే. గీత 95.5 మిలియన్లకి పెరిగింది గానీ, మెక్‌డేవిడ్, నర్స్‌లతో కలిపి నలుగురికే 46.25 అయిపోయింది. కాబట్టి ఇంకెవరో పెట్టెలోంచి బయటికి రావాలి. కేన్‌ని అప్పటికే వాంకూవర్ పంపేశారు. ఎప్పుడూ ఎవరో ఒకరు బయటికి రావాల్సిందే. మా ఇంట్లో ఆ ఏడాది బయటికి వచ్చింది మా ఇండియా ప్రయాణం. అత్తగారు ఫోన్లో "పర్లేదమ్మా" అన్నారు. ఆ "పర్లేదు"ని మాత్రం ఈసారి రెండుసార్లు అడిగి మరీ విన్నాను. డిసెంబరుకి వస్తామని తేదీ చెప్పి, టికెట్లు బుక్ చేశాకే ఫోన్ పెట్టాను.

జూలై 1 ఉదయం 10 గంటలకి లాప్‌టాప్ ముందు ఎవరూ లేరు. నేను కూర్చున్నాను. వాడు వీధిలో ఉన్నాడు, ఎదురింటి పిల్లలు ఆరెంజి బంతితో కొడుతుంటే ఆపుతూ. కాళ్ళకి పాత పొట్టి ప్యాడ్లే. కొత్తవి తారు రోడ్డు మీద అరిగిపోతాయట, గరాజ్‌లో గుడ్డ కప్పి ఉంచాడు. నేను అరగంట పేర్లన్నీ చదివి, దోసె మీద మూతపెట్టి గుమ్మంలోకి వచ్చాను.

"ఒరేయ్! కానర్ బ్రౌన్ న్యూజెర్సీకి వెళ్ళిపోయాడు!"

మాస్కు పైకెత్తాడు. "ఎంత?"

"ఏడాదికి 3. నాలుగేళ్ళు."

ఒక్క క్షణం మనసులో ఏదో లెక్క చూసుకున్నాడు. "మనకి చోటు లేదమ్మా" అని మాస్కు దించుకుని, మళ్ళీ బంతి వైపు తిరిగాడు.